విరగలేదు, పేరుకుంది: 25 లీటర్ల కొకిటో కేసు

పాలు విరుగుతాయి. పెరుగు తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. మన ఇళ్లలో పదేళ్ల పిల్లలు కూడా ఈ మూడు మాటలను ఒకదాని బదులు ఇంకొకటి వాడరు. ఫ్లోరిడాలో ఒక విందుశాల బార్‌లో మాత్రం, కొకిటో అనే కొబ్బరి పానీయం చెడినప్పుడు, మూడింటికీ కలిపి ఒకే మాట వినిపించింది: "కర్డిల్ అయింది". ఆ మాటను పట్టుకుని చేయి తిరిగిన పనివాళ్లు వారానికి పైగా తప్పు దారిలో వెతికారు. ఈ కేసును రాసిపెట్టడానికి కారణం అదే.

నేను హోటళ్లకు, విందుశాలలకు పానీయాల విషయంలో సలహాలిస్తాను, బార్ సిబ్బందికి శిక్షణ ఇస్తాను. వేదిక, కుటుంబం, సిబ్బంది ఎవరో తెలిసే వివరాలన్నీ వదిలేశాను. కొలతలు, ఉష్ణోగ్రతలు మాత్రం ఆ వారం నేను నోటుపుస్తకంలో రాసుకున్నవే.

నేపథ్యం

కొకిటో కరీబియన్ ద్వీపమైన ప్యూర్టోరికో వాళ్ల పండుగ పానీయం. స్పానిష్‌లో ఆ మాటకు 'చిట్టి కొబ్బరికాయ' అని అర్థం. కొబ్బరిపాలు, రెండు రకాల డబ్బా పాలు, తెల్ల రమ్ము, దాల్చినచెక్క, జాజికాయ, వనిల్లా కలిపి సీసాల్లో నింపి చల్లబరుస్తారు. భోజనమయ్యాక చిన్న గ్లాసులో, తీపి వంటకం తిన్నట్టుగా నెమ్మదిగా తాగుతారు. బయటివాళ్లు దీన్ని ప్యూర్టోరికో ఎగ్‌నాగ్ అని పరిచయం చేస్తుంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. ఎగ్‌నాగ్‌కు ప్రాణం గుడ్డు, కొకిటోకు ప్రాణం కొబ్బరి. పచ్చసొన వేసే కుటుంబాలు ఉన్నాయి, అది వేస్తే కొకిటో కాదు, పోంచే అనే వేరే పానీయం అవుతుందని గట్టిగా వాదించే కుటుంబాలూ ఉన్నాయి. ఈ కేసులోని కుటుంబం రెండో పక్షం. కాబట్టి గుడ్డు చర్చే మాకు రాలేదు.

ప్యూర్టోరికోలో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. నవంబరు చివర మొదలై, డిసెంబరు 24 రాత్రి మీదుగా, జనవరి 6 నాటి ముగ్గురు రాజుల పండుగ దాటాక కూడా సాగుతుంది. ఆ రోజుల్లో రాత్రిపూట జట్లు జట్లుగా పాడుకుంటూ స్నేహితుల గుమ్మాల ముందు నిలబడి వాళ్లను నిద్ర లేపుతారు. దాన్ని పరాండా అంటారు. మన ధనుర్మాసం కూడా ఆ రోజుల్లోనే వస్తుంది. హరిదాసు కీర్తన విని నిద్ర లేచిన ఊళ్లో పెరిగిన నాకు వాళ్ల పరాండాలను ఎవరూ వివరించి చెప్పాల్సిన అవసరం రాలేదు. అలా వచ్చినవాళ్లకు చేతికందించడానికి ఫ్రిజ్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది కొకిటో సీసా.

ఓర్లాండో చుట్టుపక్కల ప్యూర్టోరికో కుటుంబాలు చాలా ఉన్నాయి. 2017లో ప్యూర్టోరికోను మరియా తుపాను దెబ్బతీశాక ఇంకా పెరిగాయి. వాళ్లలో ఒక కుటుంబం తమ పెద్దావిడ 80వ పుట్టినరోజును, క్రిస్మస్‌ను కలిపి డిసెంబరు మూడో శనివారం 220 మందితో జరుపుకోవాలని విందుశాలను మాట్లాడుకుంది. పంది మాంసం, అరటాకులో చుట్టి ఉడికించే పాస్తెలెస్, పచ్చి కందులతో వండే అన్నం, చివర కొకిటో. వంటకాల విషయంలో ఇబ్బందేమీ రాలేదు. కొకిటో దగ్గర ఆగిపోయారు.

నన్ను పిలిచేనాటికి

వేడుకకు 12 రోజుల ముందు ఫోను వచ్చింది. అప్పటికే మూడు ప్రయత్నాలు చెడిపోయాయి. వాటిని వరుసగా చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా ఆ వరుసలోనే ఉంది.

మొదటిసారి తీపి మరీ మొహం మొత్తుతోందని బార్ బాధ్యురాలు కాస్త నిమ్మరసం పిండింది. అది నిజంగానే విరిగింది. పాలలో ఉండే కేసిన్ అనే ప్రోటీన్ పుల్లదనం పెరిగి పీహెచ్ 4.6 దగ్గరకు చేరితే ముద్దకడుతుంది. పన్నీరు చేసేటప్పుడు మనం కావాలని చేసేది అదే. నిమ్మరసం మానేశారు.

రెండోసారి సీసాలు ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాడు పైన తెల్లటి బిరడాలాగా రెండు అంగుళాల మందాన గట్టిపడింది. కింద పలచటి నీళ్లలాంటి పాలు. ముందురోజు విరగడం కళ్లారా చూసి ఉన్నారు కాబట్టి "మళ్లీ కర్డిల్ అయింది" అన్నారు. ఈసారి నిమ్మరసం లేదు కాబట్టి తప్పు రమ్ము మీదకు పోయింది. మూడో ప్రయత్నంలో రమ్మును సగానికి తగ్గించారు. మళ్లీ అదే బిరడా. అప్పుడు ఆ చల్లటి సీసాలనే తెచ్చి, నేరుగా బ్లెండర్‌లో పోసి, గట్టిగా తిప్పారు. అటుకుల్లాంటి తెల్లటి పలుకులు తేలాయి. ఎంత తిప్పితే అంత పెద్దవయ్యాయి.

కుటుంబం తరఫున రుచి చూడటానికి మనవరాలు వచ్చింది. ఒక గుటక తాగి, నాలుక మీద నూనె పూత మిగిలిందని, లవంగం ఘాటుకు నోరు మొద్దుబారిందని చెప్పింది. ఇంకో అవకాశం ఇస్తామని, కుదరకపోతే కొకిటో బయటి నుంచి తెచ్చుకుంటామని మర్యాదగానే చెప్పి వెళ్లింది.

అరచేతి పరీక్ష

నేను వెళ్లేసరికి మూడు ప్రయత్నాల నుంచి ఒక్కో సీసా దాచి ఉంచారు. చెడిపోయిన సరుకును పారబోయకుండా ఉంచడం చాలా మంచి అలవాటు. ఆ బార్ బాధ్యురాలికి నా మొదటి అభినందన అందుకే.

రెండో సీసా పైనున్న తెల్లటి గడ్డను చెంచాతో తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఇరవై సెకన్లలోపే అంచులు జారాయి. నిమిషం గడిచేసరికి చేయంతా నూనె, కమ్మటి కొబ్బరి వాసన. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టి, కరిగాక తల దువ్వుకున్నవాళ్లెవరైనా ఆ క్షణంలో జవాబు చెప్పేస్తారు. కొబ్బరి కొవ్వు సుమారు 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు. అక్కడ అది గడ్డకట్టడం ధర్మమే.

మొదటి సీసాలోని తునకను కూడా అలాగే పెట్టుకున్నాను. నిమిషమైనా, రెండు నిమిషాలైనా కరగలేదు. వేళ్ల మధ్య నలిపితే రబ్బరులా సాగి, పిండిలా విడిపోయింది. అది విరిగిన పాల ముద్ద. మూడో సీసాలోని పలుకులు కరిగాయి, నూనెగా కాక వెన్నలా మెత్తగా.

బార్ బాధ్యురాలి చేతిలోనూ రెండు తునకలు పెట్టి చూడమన్నాను. ఆమె చాలాసేపు అరచేతినే చూస్తూ ఉండిపోయింది. "రెండూ తెల్లగానే ఉన్నాయి, అందుకే ఒకటే అనుకున్నాను" అంది. కంటికి ఒకటే. చేతికి వేరు.

విరగడం ప్రోటీన్ వ్యవహారం, తిరిగి కలవదు. పేరుకోవడం కొవ్వు వ్యవహారం, వెచ్చబడితే కలిసిపోతుంది. మొదటిదైతే పారబోసి, కారణాన్ని తీసేయాలి. రెండోదైతే కారణాన్ని పూర్తిగా తీసేయలేం, ఎందుకంటే కొబ్బరి లేకపోతే కొకిటో లేదు. కొవ్వును చిన్నచిన్న బిందువులుగా విడగొట్టి, అవి ఒకదానినొకటి చేరకుండా కాపాడుకోవాలి. మా పని ఏమిటో అక్కడ స్పష్టమైంది.

రమ్ము దోషం కాదని ఎలా తేల్చాను

సిబ్బందికి ఇంకా అనుమానం పోలేదు. మద్యం పాలను విరగ్గొడుతుందన్న మాట అబద్ధం కాదు కూడా. కాని ఎంత మద్యం అన్నది చూడాలి. మన పల్లెల్లో పాల కేంద్రాల దగ్గర ఒక పరీక్ష చేస్తారు. పాలు ఎంత ఉంటే అంతే కొలత, సుమారు 68 శాతం గాఢత ఉన్న ఆల్కహాలు కలిపి ఊపుతారు. మంచి పాలైతే ఏమీ కాదు, పులుపు తిరిగిన పాలైతే పలుకులు పడతాయి. అంటే తాజా పాలు మిశ్రమంలో మూడో వంతు ఆల్కహాలు ఉన్నా తట్టుకుంటాయి. మా కొకిటోలో ఉన్నది 8 నుంచి 10 శాతం. పుల్లదనం లేనంతవరకు ఆ మోతాదుకు పాలు విరగవు.

మాటలతో వదిలేయకుండా చేసి చూపించాను. ఒక గ్లాసులో డబ్బా పాలు, రమ్ము మాత్రమే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాం, కొబ్బరి లేదు. ఇంకో గ్లాసులో కొబ్బరిపాలు, నీళ్లు మాత్రమే, రమ్ము లేదు. మర్నాడు మొదటిది నున్నగా ఉంది. రెండోదాని మీద తెల్లటి బిరడా. రమ్ము పూర్తి కొలతకు తిరిగి వచ్చింది. ఈ చిన్న పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే రెండు ప్రయత్నాల సరుకు మిగిలేది.

డబ్బా మీది పేరు

బిరడా ఏర్పడటం సహజమే అయినా, రెండు అంగుళాల మందం సహజం కాదు. సరుకుల గదికి వెళ్లి డబ్బాలు చూశాను. వంటకంలో రాసి ఉన్నది 'క్రీమ్ ఆఫ్ కోకోనట్'. తెప్పించినది 'కోకోనట్ క్రీమ్'. పేర్లు దగ్గరగా ఉన్నా, సరుకులు వేరు. రెండోది తీపి లేని చిక్కటి కొబ్బరి మీగడ. మొదటిది చక్కెర పాకం కలిపి, కొవ్వును నీటిలో విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్లు, గమ్ములు చేర్చిన తీపి సరుకు. ప్యూర్టోరికోలోనే 20వ శతాబ్దం మధ్యలో రామోన్ లోపెస్ ఇరిసారీ అనే వ్యవసాయ ఆచార్యుడు దీన్ని తయారుచేసి డబ్బాల్లోకి తెచ్చారు. ఇంట్లో కొబ్బరి తురిమి పిండుకునే శ్రమ తప్పించిన సరుకు అది. రమ్ము, అనాస రసంతో చేసే పీనా కొలాడా పానీయానికి ఆధారం కూడా అదే.

బార్‌లో తీపి తగ్గిందని గుర్తించి చక్కెర పాకం పోశారు. తీపి సరిపోయింది. సరుకు మారిందన్న సంగతి అక్కడే కప్పబడిపోయింది. లోపించినవి రెండు, చక్కెర ఒకటి, ఎమల్సిఫయర్ ఒకటి. చక్కెర లోపం నాలుకకు తెలుస్తుంది. ఎమల్సిఫయర్ లోపం నాలుకకు తెలియదు, మర్నాటి పొద్దున ఫ్రిజ్‌కు తెలుస్తుంది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. ఒక సరుకు స్థానంలో ఇంకొకటి వాడినప్పుడు, రుచి సరిపోయిందని ఆగిపోకూడదు. పాత సరుకు రుచి కాక ఇంకేం పని చేస్తోందో అడగాలి.

నేను చేసి చూసి వదిలేసినవి

సరైన డబ్బా తెప్పించాక బిరడా సగానికి తగ్గింది, పోలేదు. వంటశాల పెద్ద, మసాలాతో పాటు కొబ్బరిపాలను పొయ్యి మీద బాగా మరిగిస్తే కలిసిపోతుందన్నారు. వద్దన్నాను, కాని ఆయన మాట మీద గౌరవంతో ఒక లీటరు చేసి చూశాం. పావుగంటలో పైన బంగారు రంగు నూనె తేలింది. కోనసీమలో మా అమ్మమ్మ కొబ్బరిపాలు కాచి నూనె తీసేది. పాలు మరిగి నీళ్లు ఇగిరితే నూనె విడిపోవాల్సిందే. మేము కోరుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం.

చల్లటి సీసాను బ్లెండర్‌లో తిప్పితే పలుకులెందుకు పెద్దవయ్యాయో చెప్పడానికి కవ్వం గుర్తు చేసుకుంటే చాలు. వేసవిలో వెన్న పడకపోతే మజ్జిగలో చల్లటి నీళ్లు పోసి చిలుకుతారు. కొవ్వు సగం గట్టిపడి ఉన్నప్పుడు చిలికితే బిందువులు ఒకదానికొకటి గుచ్చుకుని అతుక్కుంటాయి, ముద్ద అవుతుంది. మూడో ప్రయత్నంలో వాళ్లు తెలియకుండానే కొబ్బరి వెన్న తీశారు. కాబట్టి తిప్పడం తప్పు కాదు, చల్లగా ఉన్నప్పుడు తిప్పడం తప్పు.

తర్వాత నేను ద్రవాలను చిక్కబరిచే శాంథన్ గమ్ము వాడి చూశాను. లీటరుకు మూడు గ్రాములు. బిరడా పూర్తిగా పోయింది. సీసా మూడు రోజులు చెక్కు చెదరలేదు. అంతా సంతోషించారు. కాని తాగి చూస్తే బెండకాయ జిగురులా జారింది. గ్రామున్నరకు తగ్గిస్తే జిగురు కాస్త తగ్గింది, నోట్లో ఆ జారుడు మాత్రం మిగిలింది. సీసాలో అందంగా ఉండటం కోసం నోటిలో చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. దాన్ని మానేయాలన్న నిర్ణయం నాదే. అప్పటికి ఎనిమిది రోజులే ఉన్నాయి కాబట్టి అది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు.

పెద్దావిడ వంటింట్లో

ఆ దశలో మనవరాలిని ఒక మాట అడిగాను, మీ నాయనమ్మ ఎలా చేస్తుందో చూడొచ్చా అని. పుట్టినరోజు ఆవిడదే కాబట్టి ఇబ్బంది పడింది, తర్వాత తీసుకెళ్లింది. ఇంట్లో అందరూ ఆమెను అబువేలా అంటారు, అంటే నాయనమ్మ అనే. నన్ను మొదటి నిమిషం నుంచే "మిహో" అని పిలిచింది, మన 'నాయనా' లాంటి పిలుపు అది.

చిన్నప్పుడు వాళ్లమ్మ కొబ్బరి తురిమి, గోరువెచ్చటి నీళ్లు చల్లి, గుడ్డలో పిండేదట. వేడినీళ్లూ కాదు, చన్నీళ్లూ కాదు. ఆమె వేళ్లు గాలిలో ఆ గుడ్డను మెలితిప్పిన తీరు చూస్తే మా ఇంట్లో కొబ్బరి పరమాన్నం వండే రోజు గుర్తొచ్చింది. ఇప్పుడు డబ్బాలే వాడుతుంది. ఆ డబ్బాలను తెరవకముందు అరగంట వేడినీళ్ల గిన్నెలో నిలబెడుతుంది. ఎందుకని అడిగితే, "కొబ్బరి చలికి ముడుచుకుంటుంది, ముందు దాన్ని నిద్ర లేపాలి" అంది. సీసాను ఫ్రిజ్ నుంచి తీయగానే పోయదు. అందరూ అన్నం తినడం మొదలుపెట్టినప్పుడు తీసి బల్ల మీద పెడుతుంది, పోసేముందు రెండు అరచేతుల మధ్య సీసాను కవ్వంలా దొర్లిస్తుంది.

ఆమె సీసాలో కూడా బిరడా ఉంది. సన్నటిది, వేలు మందం. అది ఆమెకు దోషం కానే కాదు. సీసా మీద సన్నటి పొర కడితేనే కొబ్బరి సరిగ్గా వేసినట్టు గుర్తు అంది. పొర అసలు ఉండకూడదని పట్టుబట్టి నేను కొన్ని రోజులు గడిపాను. చేరాల్సిన చోటు అది కాదని అక్కడ అర్థమైంది. పలచటి పొర ఉండవచ్చు, ఊపితే కలిసిపోవాలి, గ్లాసులో నున్నగా ఉండాలి.

మసాలా సంగతి

బార్‌లో రెండు తప్పులు జరిగాయి. మొదటిది, దాల్చినచెక్క పొడి. పొడిలో పిండిపదార్థం, జిగురు ఉంటాయి. ద్రవంలో రోజుల తరబడి నానితే సీసా అడుగున గోధుమ రంగు జీడిలా సాగుతుంది. రెండోది, లవంగాలను రమ్ములో ఐదు రోజులు నానబెట్టారు. లవంగంలోని యూజినాల్‌ను మద్యం చాలా వేగంగా లాగేస్తుంది, ఆపకపోతే లాగుతూనే ఉంటుంది. పంటి నొప్పికి లవంగం ఎందుకు పెట్టుకుంటామో ఆ కారణంగానే మనవరాలి నోరు మొద్దుబారింది. ఆ నమూనా రుచి చూసి అబువేలా, "నాకు పళ్లేమీ నొప్పిగా లేవు, మిహో" అని గ్లాసు పక్కన పెట్టింది.

ఆమె పద్ధతి మసాలా కషాయం. చాలా ప్యూర్టోరికో ఇళ్లలో ఇలాగే చేస్తారు. రెండు లీటర్ల కొకిటోకు మూడు దాల్చిన కర్రలు, నాలుగు లవంగాలు, ఒక అనాసపువ్వు, చితకకొట్టిన చిన్న అల్లం ముక్క, 250 మిల్లీలీటర్ల నీళ్లు. సన్నటి మంట మీద పది నిమిషాలు. నేను చేసిన మార్పు ఒకటే, లవంగాలను నాలుగు నిమిషాలకే తీసేశాం. వడగట్టాక మళ్లీ 120 మిల్లీలీటర్లకు ఇగిరించాం, లేకపోతే నీళ్లెక్కువై చిక్కదనం పోతుంది. నీటిలోకి దిగిన మసాలా అక్కడితో ఆగిపోతుంది. సీసాలో నాలుగు రోజులున్నా ఘాటు పెరగదు. విందుకు ముందుగానే తయారుచేసి పెట్టుకునే పానీయానికి ఆ స్థిరత్వం చాలా అవసరం.

జాజికాయను సీసాలో వేయనేలేదు. దాని సువాసన గాలికి పోయే రకం. గ్లాసులో పోశాక పైన రెండు గీతలు తురిమితే మొదటి గుటకకు ముందే ముక్కుకు అందుతుంది.

ఏలకులు వేసి చూడాలని నాకు మనసులో ఉంది. ఒక చిన్న సీసా చేసి తీసుకెళ్లాను. అబువేలా రెండు గుటకలు తాగింది, మెచ్చుకుంది, గ్లాసు ఖాళీ చేసింది. తర్వాత, "ఇది మీ ఇంటి పండుగకు చేయి" అంది. కొకిటోలో ఏలకుల మాట నేను మళ్లీ ఎత్తలేదు.

పనిచేసిన పద్ధతి

ఒక విడతకు కొలతలు ఇవి. క్రీమ్ ఆఫ్ కోకోనట్ 440 మిల్లీలీటర్లు, కొబ్బరిపాలు 400, తీపి లేని ఎవాపరేటెడ్ పాలు (నీరు ఇగిర్చిన డబ్బా పాలు) 354, కండెన్స్‌డ్ మిల్క్ 300 గ్రాములు, ఇగిరించిన కషాయం 120 మిల్లీలీటర్లు, 40 శాతం తెల్ల రమ్ము 400, వనిల్లా రెండు చెంచాలు, ఉప్పు రెండు గ్రాములు. మొత్తం రెండు లీటర్లకు కాస్త తక్కువ, మద్యం సుమారు 8 శాతం. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో 396 గ్రాములుంటాయి. అంతా వేయకుండా 300 దగ్గర ఆపి, ఉప్పు చేర్చాం. మొహం మొత్తడం తగ్గించడానికి నిమ్మరసం చేయబోయిన పనిని ఉప్పు ప్రమాదం లేకుండా చేసింది.

డబ్బాలను 45 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి తెరిచాం. కొబ్బరి సరుకులు రెండింటినీ ముందుగా ఎవాపరేటెడ్ పాలతోనే కలిపి, పొడవు కాడ ఉన్న చేతి బ్లెండర్‌తో రెండు నిమిషాలు తిప్పాం. కొవ్వు పూర్తిగా కరిగి ఉన్నప్పుడు బిందువులు సన్నగా విడిపోతాయి, పాలలోని ప్రోటీన్ వాటి చుట్టూ పూతలా పట్టుకుంటుంది. రమ్ము ముందే పోస్తే ఆ పూతకు అవకాశం తక్కువ. అందుకే కండెన్స్‌డ్ మిల్క్, గోరువెచ్చటి కషాయం తర్వాత, చిట్టచివర రమ్మును సన్నటి ధారగా పోశాం. ధార ఎందుకంటే, ఒక్కసారిగా గుమ్మరిస్తే అది పడిన చోట కాసేపు ఘాటైన మద్యం మాత్రమే ఉంటుంది. మొత్తం మిశ్రమానికి వర్తించే 8 శాతం లెక్క ఆ చోటుకు వర్తించదు.

సీసాలను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టలేదు. ఐస్ నీళ్ల తొట్టిలో నిలబెట్టి, ఐదేసి నిమిషాలకు ఒకసారి తలకిందులు చేస్తూ 10 డిగ్రీలకు దించి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాం. కదలకుండా నెమ్మదిగా చల్లబడితే కొవ్వుకు పైకి చేరే సమయం దొరుకుతుంది. మొదటి పరీక్షలో 48 గంటల తర్వాత పైన రెండు మూడు మిల్లీమీటర్ల మెత్తటి పొర, పదిసార్లు ఊపితే మాయం. అబువేలా ఆ సీసాను అరచేతుల మధ్య దొర్లించి, పోసుకుని తాగి, మనవరాలి వైపు చూసి తల ఊపింది.

బుధవారం 13 విడతలు చేశాం. 25 లీటర్లు దాటింది, 750 మిల్లీలీటర్ల సీసాలు 33 నిండాయి. శనివారం దాకా మసాలా, రమ్ము ఒకదానిలో ఒకటి ఒదిగే సమయం దొరికింది. విడతలన్నీ కలిపి ఒకే పెద్ద పాత్రలో చేద్దామని వంటశాల అడిగింది. ఒప్పుకోలేదు. 25 లీటర్ల పాత్రలో బ్లెండర్ అంతటా సమానంగా తిరగదు, ఐస్ నీళ్లలో చల్లబడటానికి గంటలు పడుతుంది, ఏదైనా తేడా వస్తే మొత్తం పోతుంది.

వేడుక రోజు

మొదటి ప్రణాళికలో ప్రతి బల్ల మీద ఐస్ బకెట్‌లో సీసా ఉంది. దాన్ని మార్పించాను. ఐస్‌లో ఉంచితే పేరుకునే జబ్బును మనమే పిలిచినట్టు. పెద్దావిడ అలవాటే ఇక్కడా అమలు చేశాం. అన్నం వడ్డన మొదలవగానే సీసాలు ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చాయి, కాసేపటికి 10 నుంచి 12 డిగ్రీలకు చేరాయి, సిబ్బంది ఊపి, 75 మిల్లీలీటర్ల గ్లాసుల్లో పోసి, జాజికాయ తురిమి అందించారు. రెండు సీసాల్లో మెడ దగ్గర పొర కాస్త మొండికేసింది. గోరువెచ్చటి నీళ్లలో నిమిషం ముంచితే సరిపోయింది. ఎనిమిది సీసాలు మిగిలాయి, కుటుంబం ఇంటికి తీసుకెళ్లింది.

ఆ విందుశాలలో ఇప్పుడు సరుకుల పట్టికలో క్రీమ్ ఆఫ్ కోకోనట్ పక్కన 'తీపిది, బదులు వాడరాదు' అని రాసి ఉంటుంది. వంటకం కాగితంలో ప్రతి దశకూ ఉష్ణోగ్రత ఉంది. ఇంతకుముందు 'బాగా కలపాలి' అని మాత్రమే ఉండేది. నేనూ నా శిక్షణ తరగతుల్లో పాలు కలిసే పానీయాల పాఠాన్ని రెండు తునకలతో, శిష్యుల అరచేతుల్లోనే మొదలుపెడుతున్నాను.

అదే కుటుంబం జనవరి 6కు ఆరు లీటర్లు అడిగింది. బార్ బాధ్యురాలు నన్ను పిలవకుండానే చేసింది. సీసాల్లో ఎండుద్రాక్ష వేయమని ఈసారి కోరారట. రెండో రోజు పొద్దున ఆమె ఒక ఫొటో పంపింది. తెరిచిన అరచేయి, మధ్యలో కరుగుతున్న తెల్లటి గడ్డ, పక్కన రమ్ము పీల్చుకుని ఉబ్బిన ఒక ద్రాక్ష. కింద ఒకటే వాక్యం రాసింది: "కరుగుతోంది, ఊపేస్తున్నాను."